ఒకే పాటలో నాలుగు పాటలు వినిపిస్తుంటే అతుకుల దగ్గర చూడండి

ప్రశ్న: నమస్కారమండీ. మాది మలికిపురం దగ్గర పల్లెటూరు. నలుగురం కలిసి గోదావరి మీద పెద్ద పాట ఒకటి కట్టుకున్నాం. ధవళేశ్వరంలో నిదానంగా మొదలై, నడుమ పడవ పాటగా మారి, వరద పోటు దాటి, అంతర్వేదిలో డప్పులతో ముగియాలని మా కోరిక. పాట రాసింది నేనే, కీబోర్డు వాయిస్తాను, పాడతాను కూడా. ఒకడు ఢోలక్, ఒకడు వేణువు. మా బాబాయి కూతురు పాడుతుంది. ఒకటి శ్రుతిలో, మోహన రాగంలో కట్టాను. లాప్‌టాప్, రెండు ఇన్‌పుట్ల ఆడియో ఇంటర్‌ఫేస్, ఒక కండెన్సర్ మైకు ఉన్నాయి. రికార్డు చేస్తే తొమ్మిది నిమిషాలొచ్చింది. ఏ ముక్కకా ముక్క బాగానే ఉంది గానీ కలిపి వింటే నాలుగు పాటలు అతికించినట్టుంది. వేగం జారిపోతోంది. చెల్లికి గొంతు పట్టేస్తోంది. రాత్రిపూట రికార్డు చేసినా రొయ్యల చెరువుల మోత వచ్చి పడుతోంది. ఇంట్లోనే పూర్తి చెయ్యగలమా?

సమాధానం: చెయ్యగలరండీ. మీ దగ్గరున్న సామాను చాలు. కొత్తగా కావలసింది చెవుల్ని పూర్తిగా మూసే హెడ్‌ఫోన్లు రెండు, ఒకే రంధ్రంలోంచి రెండింటికీ పాట వచ్చేలా స్ప్లిటర్ ఒకటి. ఖరీదైన మైకు కొన్నా మీరు చెప్పిన కష్టాలు తీరవు. చెరువుల మోత పక్కనపెడితే మిగతా మూడూ ఒకే చోట పుట్టాయి. ఒక భాగం ఎక్కడ ఆగుతుంది, తర్వాతది దేన్ని పట్టుకుని అందుకుంటుంది అనేది తేల్చుకోకుండా ముక్కలు తయారు చేసుకున్నారు. పెద్ద పాట నిలబడేదీ పడిపోయేదీ అతుకుల దగ్గరే. కాబట్టి మైకు జోలికి వెళ్లకుండా ముందు శ్రుతి, లయ, మాట, ఈ మూడూ కుదుర్చుకోండి.

శ్రుతితో మొదలుపెడదాం. ఒకటి శ్రుతి, అంటే కీబోర్డు మీద సి షడ్జమంగా పెట్టుకోవడం, మగ గొంతుకి హాయిగా ఉంటుంది. అదే పల్లవి మీ చెల్లెలు మీ స్థాయిలో పాడితే అడుగు అందదు, పై స్థాయిలో అందుకుంటే తారస్థాయి గాంధారం, పంచమం దగ్గర గొంతు బిగుసుకుంటుంది. లోపం ఆ అమ్మాయి గొంతులో లేదు. ఆడవాళ్లలో చాలామందికి ఐదు, ఐదున్నర శ్రుతి సుఖం. అలాగని ఆమె భాగం రాగానే పాటనంతా ఐదుకి ఎత్తేస్తే మళ్లీ అతుకు కనపడుతుంది. దీనికి మన సంగీతంలోనే గ్రహభేదమనే చక్కటి దారి ఉంది, అంటే అవే స్వరాల్ని ఉంచి షడ్జమాన్ని మాత్రం వేరే చోటికి మార్చుకోవడం. మీరు మోహన కట్టడం అదృష్టం.

ఒకటి శ్రుతి మోహనలో కీబోర్డు మీద మీరు వాడే మెట్లు ఐదు: సి, డి, ఇ, జి, ఏ. ఆ ఐదింటినీ కదపకుండా పంచమాన్ని, అంటే జిని, షడ్జమం అనుకుని పాడితే వచ్చేది శుద్ధ సావేరి. జి అంటే ఐదు శ్రుతే! మీ చెల్లెలికి సరిగ్గా కావలసిన చోటు. పడవ పాట అక్కడ ఆమెకి ఇచ్చెయ్యండి. అవే మెట్లలో ఇ షడ్జమం అయితే హిందోళం. వరద పోటు దగ్గర వేణువు ఒక్కటే తాళం లేకుండా ఆలపించడానికి అది బాగుంటుంది. డి షడ్జమం అయితే మధ్యమావతి. కచేరీని మంగళంగా ముగించే రాగం, అంతర్వేదికి అంతకంటే తగింది వెతకక్కర్లేదు. ఇలా నాలుగు భావాలు మారినా స్వరస్థానాలు ఐదే కాబట్టి పాట ఒకటేనని చెవికి తెలుస్తూ ఉంటుంది.

అయితే ఈ మార్పు వినపడాలంటే వెనక తంబూరాలా ఎడతెగకుండా మోగే శ్రుతి మారాలి. సి, జి మోగుతూ ఉండగా ఎన్ని పాడినా చెవి దాన్ని మోహనగానే వింటుంది. మొదటి భాగానికి సి-జి, పడవ పాటకి జి-డి, హిందోళంలో పంచమం లేదు గనక ఇ-ఏ, చివరికి డి-ఏ పెట్టండి. మొదటి అతుకు దగ్గర జి రెండిట్లోనూ ఉంది కాబట్టి దాన్ని మోగనిస్తూ సిని మెల్లగా దించి డిని తేవాలి. చివరి అతుకులో ఏ అలాగే నిలుస్తుంది. నడుమ జి-డి నుంచి ఇ-ఏకి వెళ్లేచోట ఉమ్మడి మెట్టు లేదు. అక్కడ శ్రుతిని పూర్తిగా ఆపేసి, రెండు సెకన్ల నిశ్శబ్దం ఇచ్చి, వేణువుని ఒంటరిగా మొదలుపెట్టించండి. ఎఫ్, బి మెట్లున్న కార్డులు (ఒకేసారి నొక్కే మెట్ల గుంపులు) మాత్రం ఎక్కడా పెట్టకండి. కట్టినదంతా ఒక్క కార్డుతో చెదిరిపోతుంది.

ఇంకొకటి, నాలుగు భాగాల్లోనూ తిరిగి వచ్చే చిన్న పలుకు ఒకటి పెట్టుకోండి. ఇ, జి, ఏ, జి, ఇ మెట్లనే తీసుకుంటే మోహనలో అది గ ప ద ప గ. పడవ పాటలో అదే ద స రి స ద. వేణువు దగ్గర స గ మ గ స, ముగింపులో రి మ ప మ రి. ప్రతి అతుక్కి ముందు ఒకసారి, దాటాక ఒకసారి వినిపిస్తే చాలు.

ఇక లయ. మీ వేగం జారడానికి కారణం ఢోలక్ వాయించే అబ్బాయి కాదు. ప్రతి భాగానికీ విడిగా ఒక వేగం అనుకుని, ఒకదాన్నుంచి ఇంకోదానికి అందాజుగా దూకుతున్నారు. అలా దూకకుండా, అన్ని భాగాల అడుగునా ఒకే చిన్న మాత్ర నడిచేలా లెక్క వేసుకోండి. నిమిషానికి 288 మాత్రలు అనుకుందాం. మాత్రలు నాలుగేసి గుంపు కడితే చతురశ్రంలో నిమిషానికి 72 దెబ్బలు, మీ నిదానపు ఎత్తుగడ. అవే మాత్రలు మూడేసి గుంపు కడితే తిశ్రంలో 96 దెబ్బలు, పడవ పాట. నాలుగు, మూడు కలిపి ఏడేసి కడితే మిశ్రం, అంతర్వేది. వేగం మారినట్టు వినపడుతుంది గానీ మాత్ర మారదు. మొదటి భాగం ఆఖరి రెండు ఆవర్తాల్లో ఢోలక్ మీద 'తకధిమి'ని సన్నగా ప్రతి మాత్రా పలికిస్తే, అది 'తకిట'గా మారే క్షణం పాడేవాళ్లకి ముందే తెలిసిపోతుంది.

దీన్ని సాఫ్ట్‌వేర్‌లో పెట్టడానికి రీపర్ సులువు. 60 రోజులు అన్ని సదుపాయాలతో వాడి చూడనిస్తారు. అందులో టెంపోని (వేగాన్ని) క్వార్టర్ నోట్ లెక్కన పెట్టాలి. మొదటి భాగంలో ఒక క్వార్టర్ నోటంటే మన నాలుగు మాత్రలు, మిగతా రెండిట్లో రెండు మాత్రలు. మొదటి భాగానికి 4/4లో 72, పడవ పాటకి 6/8లో 144, ముగింపుకి 7/8లో 144. సరిగ్గా పెట్టారో లేదో గడియారంతో సరిచూసుకోండి. మొదటి భాగంలో ఒక బార్ (తాళపు ఒక చుట్టు) 3.33 సెకన్లు, రెండోదాంట్లో 1.25, చివరిదాంట్లో దాదాపు 1.46 రావాలి. వేణువు ఆలాపనకి క్లిక్ (వేగం చూపే టిక్కుటిక్కు) వద్దు, 40 సెకన్ల ఖాళీ వదిలి, దాని చివర ఏడు మాత్రల లెక్కింపు రెండుసార్లు పెట్టండి. ఉత్త టిక్కుటిక్కు వింటూ పాడటం మన గొంతులకి పొసగదు. క్లిక్ బదులు ఢోలక్ ఠేకా ఒకటి లూప్ చేసి వినిపిస్తే పాట బిగుసుకుపోదు.

నిడివి కూడా ఇక్కడే తేలుతుంది. మొదటి భాగం 18 బార్లు, ఒక నిమిషం. పడవ పాట 96 బార్లు, రెండు నిమిషాలు. ఆలాపన 40 సెకన్లు. ముగింపు 72 బార్లు, 105 సెకన్లు. మొత్తం ఐదు నిమిషాల 25 సెకన్లు. మీ తొమ్మిది నిమిషాల్లో తియ్యాల్సింది సాధారణంగా పల్లవి మళ్లీ మళ్లీ రావడం, మూడో చరణం. మొదటిసారి పల్లవి పూర్తిగా, ఆ తర్వాత సగమే పాడండి.

రాసేది మీరే గనక మాట గురించి కొంచెం వివరంగా చెప్తాం. లఘువుకి ఒకటి, గురువుకి రెండు మాత్రలు లెక్కేస్తే గోదావరి ఊళ్ల పేర్లూ పాయల పేర్లూ ఏ నడకలో ఒదుగుతాయో అవే చెప్తాయి. గౌతమి నాలుగు, వశిష్ఠ నాలుగు. 'గౌతమి ఒకటై వశిష్ఠ ఒకటై' అని రాస్తే ప్రతి మాటా చతురశ్రపు దెబ్బ మీదే మొదలవుతుంది. వైనతేయ ఆరు, మూడూ మూడుగా విరుగుతుంది. 'వైనతేయ నీటి మీద నావ సాగె' అంటే అచ్చమైన తిశ్రం, పడవ పాటకి సొంతం. ఇక ధవళేశ్వరం ఏడు మాత్రలు, అంతర్వేది ఏడు మాత్రలు. కానీ జాగ్రత్తగా చూడండి. మిశ్రచాపు అనగానే అందరూ మూడు, నాలుగుగా వాయిస్తారు. 'అంతర్వేది'ని అలా వాయిస్తే దెబ్బ 'తర్' నడుమ పడి మాట విరిగిపోతుంది. 'అంతర్' నాలుగు, 'వేది' మూడు. 'ధవళే' నాలుగు, 'శ్వరం' మూడు. అంటే మీ పాట మొదలయ్యే ఊరూ ముగిసే ఊరూ రెండూ నాలుగు, మూడు నడకవే. దీన్ని విలోమ చాపు అంటారు. ఢోలక్ అబ్బాయికి 'తకధిమి తకిట' అని చెప్పి, 'అంతర్వేది, అలలే పిలిచె' అని పాడి చూపించండి, వెంటనే పట్టుకుంటాడు. ముగింపులో ధవళేశ్వరం పేరు ఒక్కసారైనా వచ్చేలా రాస్తే కథ కూడా చుట్టు తిరిగి కలుస్తుంది.

సాగదీసే స్వరం మీద ఆ, ఏ, ఓ పడేట్టు చూసుకోండి. 'ధవళేశ్వరం' చివర సాగదియ్యాల్సి వస్తే 'ర' మీదే నిలబడి, సున్నాని ఆఖరి క్షణంలో ముయ్యాలి. ముందే మూసేస్తే గొంతు ముక్కులోకి పోతుంది.

ఇవన్నీ కుదిరాక కూడా వెంటనే మైకు పెట్టకండి. నలుగురూ ఒక గదిలో కూర్చుని ఫోన్‌లో రికార్డు చేస్తూ మొదటి నుంచి చివరిదాకా ఆగకుండా వాయించండి. అతుకుల దగ్గర ఎవరూ తడబడకుండా వరుసగా మూడుసార్లు వచ్చాకే అసలు పని.

మీరు రాత్రిపూట ఎంచుకోవడం మామూలుగా ఎవరైనా చేసే పనే. కానీ మీ వైపు అది తిరగబడుతుంది. చెరువుల్లో ఆక్సిజన్ పడిపోయేది రాత్రి, మరీ ముఖ్యంగా తెల్లవారుజామున. ఏరేటర్లు ఎక్కువగా తిరిగేది అప్పుడే. వర్షాకాలమైతే కప్పలు కూడా తోడవుతాయి. పగలు 11 నుంచి 4 మధ్య ప్రయత్నించండి. ఎండ ఉన్నంతసేపూ చాలా చెరువుల్లో యంత్రాలు తగ్గిస్తారు. ఫ్యాన్ కట్టేసి పది నిమిషాలు పాడటం, మళ్లీ ఫ్యాన్ వేసుకుని పది నిమిషాలు సేద తీరడం. ఉక్కపోతలో గొంతు త్వరగా అలిసిపోతుంది కాబట్టి ఇది విలాసం కాదు.

గది పడగ్గదే మంచిది. మంచం, పరుపు, బట్టలున్న బీరువా ఉన్న గది. మైకు వెనక గోడకి బొంతలు కడుతుంటారు చాలామంది. కానీ మీ మైకు కార్డియాయిడ్ అయితే (ఇలాంటి వాటిలో ఎక్కువ అవే) ముందు వైపు శబ్దమే బాగా పట్టుకుంటుంది. దానికి వినపడేది పాడే మనిషి, ఆ మనిషి వెనక గోడ నుంచి తిరిగొచ్చే ధ్వని. కాబట్టి పరుపు నిలబెట్టాల్సింది పాడేవాళ్ల వెనక. మైకు వీపు చెరువుల వైపు కిటికీకి ఉండాలి. గది మూలలో నిలబడొద్దు, అక్కడ అడుగు స్వరాలు ఉబ్బుతాయి. ఇంట్లో వడ్ల బస్తాలు పేర్చిన గది ఉంటే దాన్ని కూడా ఒకసారి పరీక్షించండి, ప్రతిధ్వని బాగా తగ్గుతుంది.

సెట్టింగులు 48 కిలోహెర్ట్జ్, 24 బిట్. గట్టిగా పాడే చోట మీటరు మైనస్ 12 నుంచి మైనస్ 10 డెసిబెల్స్ మధ్య ఉండేలా గెయిన్ (మైకు ధ్వనిని ఎంత పెంచాలో చెప్పే మీట) పెట్టండి. 24 బిట్‌లో ఇంకా పైకి ఎక్కించాల్సిన అవసరమే లేదు, పగిలితే మాత్రం బాగుచెయ్యలేం. కండెన్సర్ కాబట్టి 48 వోల్టుల ఫాంటమ్ పవర్ వెయ్యాలి. గొంతు హెడ్‌ఫోన్‌లో ఆలస్యంగా వినపడితే ఇంటర్‌ఫేస్ మీద డైరెక్ట్ మానిటర్ వెయ్యండి, లేదా బఫర్ 128కి తగ్గించండి. మిక్సింగప్పుడు 512కో 1024కో పెంచుకోవచ్చు. 'గూం' అని హమ్ వస్తుంటే ముందు లాప్‌టాప్ చార్జరు పీకి చూడండి. చాలాసార్లు అక్కడితోనే పోతుంది, పైగా కరెంటు పోయినా టేకు ఆగదు.

వరుస ఇలా పెట్టుకోండి. మొదట కీబోర్డు, మీ గొంతుతో పాటంతా కొలతకి సరిపోయే గైడ్. ఇది తర్వాత చెరిపేసేదే, అందం అక్కర్లేదు, లెక్క తప్పకూడదు. దాని మీద ఢోలక్. తర్వాత శ్రుతి, అసలు కీబోర్డు. కీబోర్డుకి యూఎస్‌బీ ఉంటే ధ్వనితో పాటు మిడీ (ఏ మెట్టు ఎప్పుడు నొక్కారన్న లెక్క) కూడా రికార్డు చేసుకోండి. తర్వాత ఆ వాయిద్యం నచ్చకపోతే మళ్లీ వాయించకుండానే మార్చుకోవచ్చు. ఆపైన వేణువు, గొంతులు, కోరస్, ఆఖరున డప్పు.

ఎవరు రికార్డు చేస్తున్నా ఒక నియమం మాత్రం తప్పొద్దు. భాగం అంచున ఆపకండి. పడవ పాట పాడేవాళ్లు అంతకుముందు భాగం ఆఖరి రెండు పంక్తుల నుంచే అందుకుని, అయిపోయాక ఇంకో రెండు పంక్తులు దాటించి ఆపాలి. మీ ముక్కలు విడివిడిగా ఉండటానికి ఇదొక పెద్ద కారణం. అంచున ఆపితే అక్కడ ఊపిరి తగ్గుతుంది, చెయ్యి మెత్తబడుతుంది, తర్వాత ముక్క కొత్త ఊపుతో మొదలవుతుంది. కోత పెట్టాల్సి వస్తే ఊపిరి తీసుకునే చోటో, హల్లు మొదలయ్యే చోటో పెట్టి చిన్న క్రాస్‌ఫేడ్ (ఒక ముక్క తగ్గుతుండగా ఇంకొకటి పెరగడం) ఇవ్వండి. సాగుతున్న అచ్చు నడుమ కోస్తే ఎంత దాచినా తెలుస్తుంది.

ఢోలక్‌కి మైకు 30, 40 సెంటీమీటర్ల దూరంలో, రెండు మూతులకీ నడుమ ఎదురుగా పెట్టండి. బోల్టుల ఢోలక్ అయితే సన్న మూతిని మొదటి రెండు భాగాలకి జికి బిగించండి. మొదటి భాగంలో అది పంచమం, పడవ పాటలో షడ్జమం అవుతుంది. ముగింపుకి ఏకి ఎత్తి విడిగా రికార్డు చెయ్యండి. మన గాలిలో తేమకి చర్మం సడలి శ్రుతి దిగుతూ ఉంటుంది, ప్రతి టేకుకీ ముందు ఫోన్‌లో ట్యూనర్‌తో చూసుకోవాల్సిందే. వేణువు దీనికి ఎదురు, వేడెక్కేకొద్దీ శ్రుతి పైకి పోతుంది. ఐదు నిమిషాలు ఊదాకే ట్యూనర్ ముందుకి రావాలి. మైకు ఊదే రంధ్రానికి ఎదురుగా వద్దు, కొంచెం పైన పక్కగా ఉంచితే గాలి రొద తగ్గుతుంది.

మీ చెల్లెలు మైకుకి ఒక జానెడు దూరంలో నిలబడి పాడితే సరిపోతుంది. మైకుకి నాలుగు వేళ్ల ముందు, ఎంబ్రాయిడరీ చట్రానికి పలుచటి నైలాన్ గుడ్డ బిగించి పెట్టండి. మన 'ప' కంటే 'భ', 'ఫ' ఎక్కువ తన్నుతాయి. అవి వచ్చే పంక్తుల్లో మైకుని నోటికి కాస్త పక్కగా తిప్పండి. మూడు టేకులు పూర్తిగా పాడించి, పంక్తి పంక్తికీ మంచిది ఏరుకోండి. పది టేకులు పాడిస్తే గొంతు అలుస్తుందే తప్ప పదోది బాగుండదు.

కోరస్‌కి నలుగురే ఉన్నారని బెంగ వద్దు. మైకు చుట్టూ మీటరు దూరంలో అర్ధచంద్రంగా నిలబడి పాడండి. మళ్లీ చోట్లు మార్చుకుని, అర అడుగు వెనక్కి జరిగి పాడండి. అలా నాలుగు పొరలయ్యేసరికి పదహారు గొంతులు. రెండు పొరలు ఎడమకి, రెండు కుడికి. శ్రుతి నిలవని వాళ్లు వెనక నిలబడాలి. మొహమాటపడితే పాట పాడవుతుంది. తెలుగు మాటలన్నీ దాదాపు అచ్చుతోనే ముగుస్తాయి గనక ఒకరు సాగదీసి ఇంకొకరు ఆపేస్తే పంక్తి చివర మసకబారుతుంది. ఒకరు చేత్తో సైగ చేసి అందరినీ ఒకేసారి ఆపాలి.

డప్పు గదిలో కుదరదు. వరండాలోనో పెరట్లోనో, మైకు రెండు మీటర్ల దూరంలో పెట్టి గెయిన్ బాగా తగ్గించండి. మంట మీద కాచాక చర్మం బిగువు ఎక్కువసేపు నిలవదు, అన్నీ సిద్ధం చేసుకున్నాకే కాచాలి. రెండు టేకులు తీసి చెరో పక్కకి పెడితే ఇద్దరు వాయించినట్టుంటుంది.

సఖినేటిపల్లి రేవులో పంటు (ఏరు దాటించే పెద్ద పడవ) ఇంజను శబ్దం, అన్నాచెల్లెళ్ల గట్టు దగ్గర అలల శబ్దం ఫోన్‌తోనే తెచ్చుకోవచ్చు. ఫోన్ మైకుకి పలుచటి మేజోడు తొడిగి, గాలికి వీపు అడ్డం పెట్టి, ఒక్కోటి రెండేసి నిమిషాలు కదలకుండా తీయండి. తర్వాత 100 హెర్ట్జ్ కింద కోసేస్తే గాలి మోత చాలావరకు పోతుంది. ఇవి పాట పొడుగునా పరచకండి. ఉమ్మడి మెట్టు లేదన్నామే, జి-డి నుంచి ఇ-ఏకి వెళ్లే ఆ రెండు సెకన్ల నిశ్శబ్దం, అక్కడ నీటి చప్పుడు సన్నగా వినిపిస్తే ఆ అతుకు తెలియదు.

మిక్సింగ్‌లో గొంతులకీ వేణువుకీ 80 నుంచి 100 హెర్ట్జ్ కింద కొయ్యండి. పరుపు గదిలో పాడిందీ పెరట్లో వాయించిందీ ఒకే చోట ఉన్నట్టు వినపడాలంటే ఒక్కటే రివర్బ్ (గది ప్రతిధ్వనినిచ్చే ఎఫెక్టు) పెట్టి అన్నిటినీ కొద్దికొద్దిగా దాని గుండా పంపండి. ఒక్కో ట్రాక్‌కి ఒక్కో రివర్బ్ పెడితే మళ్లీ నాలుగు పాటలవుతాయి. చివరి డప్పుల భాగం మొదటి భాగం కంటే గట్టిగానే ఉండాలి. లిమిటర్‌తో అన్నిటినీ ఒకే ఎత్తుకి లాగేస్తే వరద వచ్చినా ఏరు పొంగినట్టు ఉండదు. మొత్తం ధ్వని మైనస్ 14 లఫ్స్ (LUFS, వినపడే బిగ్గరతనపు కొలత) దగ్గర, శిఖరం మైనస్ 1 డెసిబెల్ దాటకుండా ఉంటే యూట్యూబ్‌కి సరిపోతుంది. ఒక రోజు చెవులకి విశ్రాంతి ఇచ్చి, ఫోన్ స్పీకర్‌లో, ఆటోలో, హెడ్‌ఫోన్‌లో విని, ఎక్కడ మాట వినపడలేదో రాసుకుని ఆ చోట్లు మాత్రమే సరిచెయ్యండి. రీపర్ ఫోల్డరు మొత్తాన్ని ఏ రోజుకారోజు పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి, ఆ పెన్‌డ్రైవ్‌ని లాప్‌టాప్ ఉన్న ఇంట్లో కాకుండా ఢోలక్ అబ్బాయి ఇంట్లో ఉంచండి.